కత్తి లేని అట్ట

మా ప్రెస్సులో అట్టబొమ్మలు వేసే బొమ్మల మావయ్య పుస్తకాలు చదవడని అందరూ గర్వంగా చెప్పుకుంటారు. కాగితాల కట్ట మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటే చాలట, కథంతా చేతిలోకి ఎక్కి అట్ట మీద బొమ్మగా దిగుతుందట. మధ్యాహ్నం ఫ్యాను కింద ఆయన అలా కూర్చుని ఉండగా గుమాస్తా కళ్లారా చూశాడట. ఓనరుగారు ఈ సంగతిని వచ్చిన ప్రతి రచయితకూ కాఫీతో పాటు అందిస్తారు. అంత మహిమ ఉన్నవాడికి సరైన కుర్చీ ఒకటి ఇవ్వాలని మాత్రం ఇరవై ఏళ్లుగా ఆయనకు తోచలేదు.

నేను బైండింగులో పుస్తకాల ఫారాలు కుడతాను. ఎనిమిదిలో బడి మాన్పించినప్పటి నుంచీ ఇక్కడే. మావయ్య బల్ల నా వెనకే. చెవి మీద కుంచె, చొక్కా జేబుకి ఆరని ఎర్రరంగు. పుస్తకం పేరు కూడా ఆయనే గీస్తాడు. చీటీ పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ ముక్కూ చెవులూ ఉన్న మొహంలా తేరిపార చూస్తూ గీస్తాడు.

ఈసారి వచ్చింది ప్రెస్సుకు అన్నం పెట్టిన పుస్తకం. నిజంగా జరిగిన హత్య. నేను రాకముందే ఆరుసార్లు అచ్చయింది, ఆరుసార్లూ అట్ట మీద నెత్తురోడే కత్తే. ఏడోసారికి మావయ్య గీసి తెచ్చింది చూసి ఓనరుగారి మొహం మాడిపోయింది. కొక్కేనికి ఒక తెల్లచొక్కా, పక్కన ఇస్త్రీపెట్టె. అంతే.

“ఏమయ్యా, హత్యకి అట్ట వెయ్యమంటే లాండ్రీకి బోర్డు రాశావా? కత్తేదీ?”

“పుస్తకంలో కత్తి లేదండీ.”

“నలభై ఏళ్లుగా అమ్ముతున్నాను, నాకు తెలీదూ? సాయంత్రానికి కత్తి పడాలి. లేదంటే రేపట్నుంచి అట్టలన్నీ మా అల్లుడు కంప్యూటర్లో చేస్తాడు. నువ్వు ఇంటికెళ్లి నీ చొక్కాలు గీసుకో.”

ఆ బల్ల తప్ప మావయ్యకు వేరే బతుకు లేదు. అయినా కుంచె కదపలేదు.

పుస్తకంలో కత్తి ఉందో లేదో చెప్పమని ప్రూఫులు దిద్దే మాస్టారిని పిలిచారు. “నేను తప్పులు చూస్తానండీ, కథ చూడను,” అన్నారాయన.

“అట్ట మీద కత్తుంది కదా, మళ్లీ లోపల కూడా వెతకడం దేనికని...” అని గుమాస్తా నసిగాడు.

ఆ పుస్తకం మీద ఇంతమంది బతికారు. లోపలికి తొంగిచూసిన పాపాన ఒక్కరూ పోలేదు.

“సరే, ఇస్త్రీపెట్టె ఎక్కడుందో నువ్వే చూపించు,” అంటూ ఓనరుగారు పుస్తకాన్ని మావయ్య చేతిలో పెట్టారు. మావయ్య పేజీలు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. మెడ మీద చెమట కారుతోంది.

నాకు నోట్లో నాలుక లేదని ప్రెస్సంతా అంటారు. సూదికేసి చూస్తూ అన్నాను: “నూట పన్నెండో పేజీ అండీ.”

ఓనరుగారు పెదాలు కదుపుతూ చదివారు. కథలోని పెద్దమనిషి పెళ్లాన్ని ఇస్త్రీపెట్టెతో కొట్టి చంపాడు. పెట్టె కడిగాడు. దాంతోనే చొక్కా ఇస్త్రీ చేసుకుని, వేళకి ఆఫీసుకు వెళ్లాడు.

“ఇది మన పుస్తకమేనా?” అన్నారు ఓనరుగారు చివరికి.

పోనీ ఒక్క ఎర్రచుక్కయినా పెట్టమని గడపదాకా వెంటపడి బతిమాలారు. మావయ్య పెట్టలేదు. అట్ట అలాగే అచ్చయింది, అల్లుడుగారి కంప్యూటరు ఆయన ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఓనరుగారు అందరితోనూ ఇస్త్రీపెట్టె ఆలోచన తనదే అంటున్నారు. అరచేతి మహిమ మాత్రం ఇంకా మావయ్యకే వదిలారు.

ఇదంతా రాస్తానంటే మావయ్య నవ్వాడు. “రాసుకోవే అమ్మడూ. నేనెలాగూ చదవలేను, ఓనరుగారెలాగూ చదవరు.”

కట్ట మీద ఆయన చెయ్యి పెట్టేది ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా. పక్కన కూర్చుని చదివి వినిపించేది నేను. మావయ్యకు చదవడం రాదు.