నూకరాజు పోసిన గుళ్ళు

రిటైర్మెంటుకు ముందు సంవత్సరం నన్ను నర్సీపట్నంలో ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్‌గా వేశారు. శాఖ తుపాకుల బాగోగులు చూడడం, పట్టుబడిన నాటు తుపాకుల మీద తొలి అభిప్రాయం రాయడం ఆర్మరర్ పని. జీడితోటలు పూత మీదున్న రోజుల్లో కోటవురట్ల వైపు ఒక పాడిగేదెను ఎవరో కాల్చి చంపారు.

కడప నుంచి కొత్తగా వచ్చిన ఎస్సై గారు, వరాహనదిలో వల వేసుకునే నూకరాజును పట్టుకొచ్చారు. ఇంట్లో సీసం కరిగించే మూకుడు దొరికింది. పైగా మనిషి తనే ఒప్పుకున్నాడు: “గుళ్ళు పోస్తానండి బాబూ. మా ఊరోళ్ళంతా నాకాడే పోయించుకుంటారు.” ఊరు ఊరంతా ఆయుధాల కేసులోకి వచ్చేలా ఉంది. మర్నాడే రిమాండు.

లాకప్ దగ్గరికి వెళ్ళి, ఏ గుళ్ళని అడిగాను.

“వల గుళ్ళండి. ఇంకేటి గుళ్ళుంటాయి?” అన్నాడు, నన్ను జాలిగా చూస్తూ.

దొరికినవాడు ప్రతివాడూ ఇలాగే అంటాడన్నారు ఎస్సై గారు. అప్పుడు నా లోహపరీక్ష పరికరాల పెట్టె తెరిచాను. పెట్టె అన్నది కాస్త ఎక్కువే. బజార్లో కొన్న డ్రాయింగ్ పెన్సిళ్ళ డబ్బా అది. పద్ధతి మాత్రం నికార్సయినది. పెన్సిలు ములుకును గరుకు కాగితం మీద చదునుగా అరగదీసి, ఏటవాలుగా పట్టి లోహం మీద ముందుకు నెట్టాలి. మెత్తని రకంతో మొదలుపెట్టి గట్టి రకం వైపు వెళ్తే, మొదట ఏది లోహాన్ని చెక్కుతుందో అదే ఆ లోహం గట్టిదనం.

సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల ఎదుట, నూకరాజు ఇంట్లో దొరికిన గుండు మీదే ముందు గీశాను. వల నీళ్ళలో మునగడానికి కట్టే గుండును తాడు చుట్టూ నొక్కి బిగించాలి కనుక దానికి మెత్తని సీసమే పనికొస్తుంది. మెత్తని రకమైన 4బి పెన్సిలుకే చెక్కు లేచింది. గేదె ఒంట్లోంచి తీసిన గుండు మీద మాత్రం మెత్తని పెన్సిళ్ళన్నీ జారిపోయి, హెచ్‌బి దగ్గర గాని గీత పడలేదు. పాత బ్యాటరీ పలకల్లో ఆంటిమొనీ కలిసిన సీసం అంత గట్టిగా ఉంటుంది. నూకరాజు ఇంట్లో అలాంటి ముక్క ఒక్కటీ లేదు.

సాయంత్రానికి అతను ఇంటికి వెళ్ళాడు. తర్వాత ల్యాబ్ రిపోర్టూ నా మాటే చెప్పింది.

ఎస్సై గారు లేచి నాకు సెల్యూట్ కొట్టారని ఇంట్లో చెబుతుంటాను. కొట్టలేదు. నా చేతిలో పెన్సిలు లాక్కుని రెండు గుళ్ళ మీదా తనే గీసి చూసి, రిమాండు కాగితం పక్కన పెట్టారు. సెల్యూట్‌కన్నా అదే పెద్ద గెలుపు.

సీసం సంగతి పెన్సిలు చెబుతుంది. మాట సంగతి మాత్రం అన్నవాణ్ణే అడిగి, ఆ తర్వాత రాసుకోవాలి.