తిరిగొచ్చిన కాళ్ళ గోడ

కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఆ కేంద్రంలో హాజరుపట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా వినిపించదు. అందరికీ ఆమె పట్టీలక్క. పెట్టుడు కాలు జారిపోకుండా మోకాలి పైన బిగించుకునే తోలు పట్టీలు, గుడ్డ పట్టీలు కుట్టడం ఆమె పని. "పనిని బట్టి వచ్చిన పేరు కాదది. పట్టు పట్టిందంటే వదలదు, అందుకే వచ్చింది" అంటాడు వాళ్ళాయన. ఆయన స్కూలు వ్యాన్ నడుపుతాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో భార్యతో వాదించి ఒక్కసారే గెలిచానని, అదీ ఆమెకు గొంతు పోయిన రోజని చెప్పుకుని నవ్విస్తుంటాడు.

కేంద్రమంటే పొడవాటి వరండా, దాని వెంట నాలుగు గదులు. మొదటి గది అచ్చుల పెద్దాయనది. తెగిన కాలికి తడి ప్లాస్టర్ గుడ్డ చుట్టి, అచ్చు తీసి, దాని మీద ఆ కాలు దూరే ప్లాస్టిక్ తొడుగు పోస్తాడు. తలుపెప్పుడూ మూసే ఉంటుంది. రెండో గదిలో ఫిట్టరు ఆ తొడుగుకి గొట్టం, పాదం బిగిస్తాడు. మూడోది పట్టీలక్కది. చివరి గదిలో అటూ ఇటూ కమ్మీలు, ఎదురుగా నిలువుటద్దం. అక్కడ నడక మేడమ్ కొత్త కాలుతో నడవడం నేర్పిస్తుంది. కాలు ఒక గది నుంచి ఇంకో గదికి తోపుడు బల్ల మీద పోతుంది. వెంట కొలతల కాగితం పోతుంది. మనుషులు మాత్రం పోరు. అచ్చు ఎలా తీస్తారో ఫిట్టరుకి తెలియదు. ఆ కాలు చివరికి ఎలా నడిచిందో పెద్దాయనకి తెలియదు.

అక్కడికి రాకముందు ఆమె బ్యాగులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. వరసగా నలభై మిషన్లు. చివర ఉన్నది ఆమెది, దానికి ఒక రోగం ఉండేది. మందపాటి గుడ్డ వస్తే, పెడల్ మీంచి కాలు తీశాక కూడా సూది ఇంకో రెండు పోట్లు వేసేది. వేలు వెనక్కి లాక్కుని కుట్టే కిటుకు ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు, అక్కడ ఎవరి కిటుకు వాళ్ళదే. ఆమె సెలవు పెట్టిన ఒక రోజు పక్క మిషన్ పిల్ల ఆ సీట్లో కూర్చుంది. సూది బొటనవేలి గోరులోంచి దిగిపోయింది. ఆ పిల్ల ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. కట్టు కట్టిన వేలితో వచ్చి, "నీకు ముందే తెలుసా అక్కా?" అని మాత్రం అడిగింది. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

పట్టీల పనిలో చేరిన మూడో ఏడు, బస్సు కండక్టరమ్మ తన కాలు చంకలో పెట్టుకుని, ఊతకర్రల మీద వరండాలోకి వచ్చింది. మోకాలి కింద తెగిన కాలు. తొడుగు జారిపోతోందని, పుండ్లు పడుతున్నాయని ఆ రావడం నాలుగోసారి. పెద్దాయన తొడుగు తిప్పి చూసి, "కొలత సరిగ్గానే ఉంది, పట్టీ లూజు" అన్నాడు. పట్టీలక్క పట్టీ లాగి చూసి, ఫిట్టరు గొట్టం వంకరగా బిగించాడేమో అంది. ఫిట్టరు గొట్టానికి మట్టం పెట్టి చూసి, అచ్చులోనే ఏదో ఉందన్నాడు.

కండక్టరమ్మ బెంచీ మీద కూర్చుని అంతా చూసింది. "ఏవండీ, నా కాలు మీ ముగ్గురి మధ్య తిరిగినంత దూరం నేను దానితో తిరగలేదు. దానికేమన్నా నెల పాసు ఇమ్మంటారా?" అంది.

వరండాలో అందరూ నవ్వారు. పట్టీలక్కకు నవ్వు రాలేదు. కాలు తోపుడు బల్ల మీద పెట్టకుండా తనే చేత్తో పట్టుకుని, కండక్టరమ్మతో పాటు చివరి గదికి నడిచింది. మూడేళ్ళలో ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి.

నడక మేడమ్ కాలు తొడిగించి నాలుగడుగులు వేయించింది. "ఇప్పుడు బాగానే ఉంటుందక్కా. సాయంత్రం చూడాలి. పొద్దంతా నిలబడేసరికి తెగిన కాలు సన్నబడిపోతుంది. నాలుగింటికల్లా తొడుగులో అది గుడి గంటలో నాలుకలా ఆడుతుంది. చాలామందికి ఇంతే" అంది.

"తగ్గిపోతుందా? ఈ సంగతి మీకెప్పటి నుంచి తెలుసు?"

"పదేళ్ళయింది."

"మరి ఎవరికైనా చెప్పారా?"

"ఎవరడిగారు?" అంది మేడమ్, కోపంగా కాదు, మామూలుగానే.

పట్టీలక్క నేరుగా వెళ్ళి మొదటి గది తలుపు తట్టింది. పెద్దాయన రోజూ పొద్దున పదింటికి కొలతలు తీస్తాడు. కాలు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుందట అని చెప్పేసరికి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాను. నా కొలత తప్పంటావా అమ్మాయ్?"

"పదింటికి ఒప్పే బాబాయ్. నాలుగింటికే తప్పు."

తలుపు ఆమె మొహం మీదే మూసుకుంది.

వరండా గోడ వెంట, ఎప్పుడో నీళ్ళు రావడం మానేసిన ఒక ఇనప పైపు ఉండేది. మర్నాడు పొద్దున వచ్చినవాళ్ళకి దానికి వేలాడుతూ ఆరు కాళ్ళు కనిపించాయి. బాగుచేయమని తిరిగొచ్చి మూలన పడున్నవి. ఒక్కోదానికి ఒక తెల్లగుడ్డ ముక్క కట్టి, తొడుక్కున్న మనిషి ఏమన్నాడో దాని మీద రాసి ఉంది. 'మెట్లు దిగుతుంటే మడమ కొట్టుకుంటోంది.' 'కూర్చుంటే మోకాలి వెనక కోస్తోంది.'

పెద్దాయన మండిపడ్డాడు. "నా తప్పులు గోడకెక్కిస్తావా? పదిమందీ వచ్చిపోయే చోట నా పరువు తీస్తావా?"

"మొదటిది చదవండి బాబాయ్."

అన్నింటికన్నా ముందున్న కాలికి కట్టిన గుడ్డ మీద ఇలా ఉంది: 'పట్టీకి వేసిన రివెట్టు లోపలి వైపు మొన తేలి తొడ గీరుకుపోయింది. తప్పు పట్టీలు కుట్టినామెది. ఇప్పుడు లోపల ఇంకో పొర తోలు వేస్తోంది.'

ఆయన చదివాడు. లోపలికి వెళ్ళిపోయాడు. అయితే తలుపు మూయలేదు.

మధ్యాహ్నం ఫిట్టరు వచ్చి, కాసేపు అటూ ఇటూ తచ్చాడి, ఇంకో కాలు తెచ్చి పైపుకి ఏడోదిగా వేలాడదీసి, జేబులోంచి ఒక బోల్టు తీసి దానికి కట్టాడు. "ఇది నా ఘనకార్యం అక్కా. అతి బిగించాను, ఏడాదికే పగిలింది. గుడ్డ మీద నువ్వే రాయి, నా చేతిరాత నాకే అర్థం కాదు" అన్నాడు.

అలా, తిరిగొచ్చిన కాళ్ళ గురించి అన్ని గదులవాళ్ళూ కలిసి మాట్లాడుకునే గురువారం సమావేశం మొదలైంది. కేంద్రం మేనేజరు మొదట ఒప్పుకోలేదు. ఆయన మీద నెలకిన్ని కాళ్ళు ఇవ్వాలనే ఒత్తిడి ఉంది. "గంటసేపు అందరూ కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే పనెవరు చేస్తారమ్మా?" అన్నాడు. "భోజనాల టైంలో కూర్చుంటాం సార్. నోళ్ళు ఎలాగూ ఆడుతుంటాయి" అందామె. "సరే, భోజనాల వేళ దాటకూడదు" అన్నాడాయన.

మొదటి రెండు గురువారాలు సాకులతోనే గడిచాయి. ఎవరు నోరు విప్పినా అది ఇంకొకరికి నిందలా తగిలేది. పట్టీలక్క ఒక నియమం పెట్టింది. ఎవరైనా సరే ముందు తన పనిలో తనకు అంతుబట్టనిది ఒకటి చెప్పాలి. ఆ తర్వాతే అవతలివాళ్ళ పని గురించి మాట్లాడాలి. కండక్టరమ్మను కూడా పిలిచింది. ఆమె డ్యూటీ మధ్య విరామంలో వచ్చేది. ఒక రోజు డ్యూటీకి వెళ్ళేముందు, మళ్ళీ దిగాక టేపు పెట్టి కొలిస్తే, పొద్దుటికీ సాయంత్రానికీ ఆమె కాలి చుట్టుకొలతలో వేలు దూరేంత తేడా కనిపించింది. పెద్దాయన ఆ టేపు తీసుకుని తనే రెండుసార్లు కొలుచుకున్నాడు.

"కాలు మారుతుంటే తొడుగు మారకపోతే ఎలా?" అంది పట్టీలక్క.

"మేజోళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకోమంటాను. అందరూ అదే చేస్తారు" అంది నడక మేడమ్.

"బస్సు నిండా జనం ఉంటే, మధ్యలో నిలబడి కాలు ఊడదీసి మేజోడు తొడుక్కోనా? టికెట్ కొట్టడం మానేసి జనం నన్నే చూస్తారు" అంది కండక్టరమ్మ.

ఫిట్టరు కిందికి వంగి తన బూటు లేసు కట్టుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు. "బూటుకి ముందు నాలుక ఉంటుంది కదా. అది ఉంది కాబట్టే లేసు లాగితే బిగుస్తుంది. తొడుగుకి కూడా ముందు ఒక కిటికీ కోసి, అందులో రేకులాంటిది పెడితే? పైనుంచి పట్టీ లాగితే లోపలికి నొక్కుకుంటుంది."

ఎవరూ అన్నం ముట్టుకోలేదు. పట్టీలక్క అప్పటికే గుడ్డ మీద సుద్దముక్కతో పట్టీ ఎటు నుంచి ఎటు పోవాలో గీస్తోంది.

మొదటిది చేయడానికి మూడు వారాలు పట్టింది. కండక్టరమ్మ తొడుక్కుని, ఏడో అడుగులో కెవ్వుమంది. కిటికీ కోసిన అంచు చర్మాన్ని పట్టేసింది. ఆమె కమ్మీ పట్టుకుంది కాబట్టి పడలేదు, కానీ రక్తం కనపడింది. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఇక చాలు. ప్రయోగాలకి మనుషులు దొరికారా మీకు? ఉన్న పద్ధతిలో చేయండి" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. అందుకే పట్టీలక్కకు మరింత బాధేసింది. కండక్టరమ్మ కాలికి తనే కట్టు కట్టింది. కడుతూ ఉంటే ఫ్యాక్టరీ పిల్ల వేలు కళ్ళ ముందు మెదిలింది.

"మానేద్దామా?" అని అడిగింది నెమ్మదిగా.

"ఆరు అడుగులు బాగానే వేశానుగా. అంత గట్టిగా పట్టుకున్న కాలు నాకెప్పుడూ లేదు. ఆ అంచు సంగతి చూడండి చాలు" అంది కండక్టరమ్మ.

ఇంట్లో ఆ రోజు ఆమె చపాతీ పిండిని కొట్టినంత పని చేసింది. "నిన్ను కాదన్నది ఆ పిండా?" అన్నాడు వాళ్ళాయన. జరిగింది చెప్పింది. ఆయన విని, "అంచుల గురించి బాగా తెలిసినవాడు మీలో ఎవరు?" అన్నాడు. తెలిసినవాడు ఒక్కడే. గురువారాల్లో అందరికన్నా తక్కువ మాట్లాడేవాడు.

మర్నాడు ఆమె మొదటి గది గుమ్మంలో నిలబడింది. "బాబాయ్, మీ తొడుగుల అంచులు ఎవరినీ కోయవు. ఎలా చేస్తారో నాకు తెలియదు. నేర్పించండి."

పెద్దాయన పనిముట్లు పక్కకి సర్దాడు. "మా గురువు దగ్గర తొమ్మిదేళ్ళు ఉన్నాను. ఎనిమిదో ఏడు దాకా ఈ ఒక్కటీ చూపించలేదు. తను చేస్తుంటే నన్ను అటు తిరిగి నిలబడమనేవాడు" అన్నాడు. తర్వాత వరండాలోకి తొంగి చూసి, "ఫిట్టరునీ, ఆ నడక అమ్మాయినీ కూడా పిలువు. రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు" అన్నాడు.

తడి అచ్చు మీద బొటనవేళ్ళతో ఎముకకు అటూ ఇటూ రెండు చోట్ల నొక్కి చూపించాడు. బరువు మోయగలిగిన చోట లోపలికి, మోయలేని చోట బయటికి. ప్లాస్టిక్ ఇంకా వేడిగా ఉండగానే, అంచును పూరేకులా బయటికి వంచాలి. "వేలికి చురుక్కుమంటుంది. చురుక్కుమన్నప్పుడే వంగుతుంది. చల్లారాక వంచితే విరుగుతుంది." ముగ్గురి చేతులూ పట్టుకుని, ఎంత నొక్కాలో నొక్కించాడు. ఫిట్టరు వేలు కాల్చుకుని ఎగిరితే, ఆయన నవ్వాడు. ఆ గదిలో ఆయన నవ్వు వినడం వాళ్ళకదే మొదటిసారి.

మేనేజరు అనుమతి కోసం పట్టీలక్క ఒక్కతే వెళ్ళలేదు. నలుగురూ వెళ్ళారు. కండక్టరమ్మ తన ఇష్టంతోనే వేసుకుంటున్నానని కాగితం రాసి ఇచ్చింది. ఈసారి మొదట గంట, తర్వాత రెండు గంటలు, తర్వాత పూట. ప్రతిసారీ కాలు విప్పి చర్మం చూశారు. ఎర్రబడిన చోటల్లా పెద్దాయన పెన్సిల్‌తో గుర్తుపెట్టి, అచ్చు సరిచేశాడు. పట్టీ బిగించుకునే బకిల్‌ని పట్టీలక్క ప్యాంటు మీంచే చేతికి అందేలా పక్కకి జరిపింది. ఆరో ప్రయత్నంలో కండక్టరమ్మ పూర్తి డ్యూటీ చేసింది. ఎనిమిది గంటలు. సాయంత్రం కాలు విప్పితే చర్మం మీద గుడ్డ నేత అచ్చు తప్ప ఇంకేమీ లేదు. "మూడుసార్లు బిగించాను. ఒక్కడు కూడా చూడలేదు!" అని ఆమె గొప్పగా చెప్పుకుంది. నడక మేడమ్ అద్దం వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడాది పైపుకి వేలాడే కాళ్ళు సగానికి తగ్గాయి. మేనేజరు గురువారం గంటను భోజనాల వేళ నుంచి పని వేళలోకి మార్చాడు. ఆ మాట నోటితో చెప్పలేదు, నోటీసు అంటించాడు.

కొన్నాళ్ళకి వేరే ఊరి కేంద్రం నుంచి ఇద్దరు ఈ పద్ధతి చూడటానికి వస్తామని ఫోన్ చేశారు. ఫిట్టరుకి నచ్చలేదు. "ఇన్నాళ్ళు మనం తల బద్దలు కొట్టుకుని చేసింది పళ్ళెంలో పెట్టి ఇచ్చేద్దామా అక్కా?"

"వాళ్ళ ఊళ్ళో నిలబడి పనిచేసేవాళ్ళు లేరా?" అంది పట్టీలక్క.

"ఉన్నారనుకో..."

"మరి వాళ్ళ పుండ్లు మనకి తెలిసీ ఊరుకుందామా?"

వచ్చినవాళ్ళకి అన్నీ చూపించారు. అంచు వంచడం పెద్దాయనే నేర్పాడు. విఫలమైన ఐదు తొడుగులు కూడా బల్ల మీద వరసగా పెట్టి, ఏది ఎందుకు పనికిరాలేదో పట్టీలక్క చెప్పింది. వాళ్ళు రాసుకున్నదాంట్లో సగానికి పైగా ఆ ఐదింటి గురించే.

నాలుగు నెలలకి అక్కడి నుంచి ఒక పార్సిల్ వచ్చింది. లోపల ఒక తొడుగు ఉంది. కిటికీ ముందువైపు కాదు, పక్కకి ఉంది. 'కింద కూర్చుని పనిచేసేవాళ్ళకి ముందు కిటికీ మడతలో నొక్కుకుంటోంది. పక్కకి మార్చి చూశాం. పదకొండు మందికి బాగుంది. ఇద్దరికి కుదరలేదు, ఎందుకో మాకు తెలియడం లేదు. మీరేమంటారు?' అని ఉత్తరం.

పెద్దాయన మొహం చిట్లించాడు. "పక్కకా? పక్కన ఎముక తల ఉంటుంది, ఎలా పెట్టార్రా వీళ్ళు?" అంటూ తొడుగు లోపలికి వేళ్ళు పోనిచ్చి తడిమాడు. మళ్ళీ తడిమాడు. "అమ్మాయ్, ఆ సుద్దముక్క ఇలా ఇవ్వు" అన్నాడు.

ఆ రోజు మంగళవారం. గురువారం దాకా ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఫిట్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు, నడక మేడమ్ టేపు తెచ్చింది. పట్టీలక్క ఆ తొడుగు పట్టీని తిరగేసి కుట్టు పరీక్షగా చూసి, "ఎవరు కుట్టారో గానీ నాకంటే బాగా కుట్టారు. ఎలా కుట్టారో కనుక్కోవాలి" అంటూ ఉత్తరం వెనక ఉన్న ఫోన్ నంబరు కోసం వెతికింది.