కల్లంగడి మిద్దె

పెనుకొండలో కల్లంగడి మిద్దె ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యెత్తి చూపించేవాళ్లు. అక్కడ కల్లు అమ్మడం ఆగిపోయి ఎన్నేళ్లయిందో వాళ్లకేం తెలుసు? వాళ్లు ఎరిగింది కొండప్ప టీ హోటలునే. పాత పేరు మాత్రం ఆ గోడలను వదల్లేదు.

అబ్బ, ఏం కట్టడమది! మూరన్నర మందం రాతి గోడలు. తల వంచకపోతే నుదురు బొప్పికట్టే గుమ్మం. లోపల వరసగా గూళ్లు, ఒకప్పుడు కల్లు ముంతలు పెట్టినవి. వాటిలో కొండప్ప గాజు గ్లాసులు పేర్చేవాడు. కప్పు నడుమ వెలుతురు కోసం వదిలిన గవాక్షి. ఏప్రిల్ ఎండలో తిరిగి తిరిగి లోపల అడుగుపెడితే ప్రాణం లేచొచ్చేది. ఆ చలవంతా పైకప్పుదే. వేప దూలాలు, వాటిమీద అడ్డంగా పరిచిన సన్నకర్రల దంతెలు, ఆపైన కంప, అన్నిటిమీదా వాననీటిని కిందికి దిగనివ్వని చవుడు మన్ను.

ఆ చవుడు పోసేవాడు అమీర్‌సాబ్. ముప్పై ఏళ్లుగా వేసవి చివర ఆ మిద్దెక్కి మన్ను పరిచి, తొక్కి చదును చేసేది ఆయనే. పని ముగిశాక, కొండప్ప భార్య రామక్క పెట్టిచ్చిన టీ తాగుతూ కొండప్పా ఆయనా అరుగు మీద కూర్చుని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటుంటే, టీకి వచ్చినవాళ్లు లేచి పోయేవాళ్లు కాదు.

ఈ పనికో కట్టుబాటుంది. కొత్త చవుడు పోసేముందు పాత మన్ను గీకి దించాలి. లేకపోతే ఏటేటా కప్పు మీద బరువు పెరిగిపోతుంది. దించాలంటే లోపలంతా దుమ్ము, రెండు రోజులు హోటలు మూయాల్సిందే.

"రెండు దినాలు మూస్తే గిరాకీ పక్కంగడికి పోతాది సాబూ. ఈయేటికి పైపైన పోసెయ్," అన్నాడు కొండప్ప రెండేళ్ల కిందట. మరుసటేడూ అదే మాట. ఈసారి మిద్దెక్కగానే నడిమి దూలం కుంగిందని అమీర్‌సాబ్ పాదాలకు తెలిసిపోయింది. దిగి చెబుదామనుకున్నాడు. స్నేహితుడి ముఖం చూశాక నోరు పెగల్లేదు. పాడు మొహమాటం! నలభై తట్టలు పోసి దిగాడు.

ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదోనాటి పొద్దున పొయ్యి వెలిగిస్తున్న కొండప్ప మీద మిద్దె కూలింది. మన్ను తోడి బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

ఊరంతా వానను తిట్టింది. పాత కొంప, ఎన్నాళ్లుంటుందిలే అన్నారు. అమీర్‌సాబ్ ఆ మాటల చాటున నక్కి కూర్చున్నాడు.

నెల దాటాక రామక్క ఆయనింటికి వచ్చింది.

"గోడలు నిలబడే ఉండాయి సాబన్నా. కప్పు మళ్లా నువ్వే ఎయ్యాల. నేను ఇంకొకరి చేతికియ్యను."

ఆ నమ్మకం ఆయన గుండెను కోసేసింది. ఇంక దాచలేకపోయాడు.

"నేనే సంపినా రామక్కా. దూలం కుంగిండాదని నాకు తెలుసు. పాత మన్ను దించకుండా మళ్లా పోసినా. కొండప్ప ఒప్పుకోడని చెప్పనే లేదు."

రామక్క ఏడవలేదు. తిట్టలేదు. తిట్టి ఉన్నా బాగుండేది.

"ఆయనకు చెప్పలేకపోతే నాకు చెప్పాల్సింది గదన్నా," అంది. "ఆ రెండు దినాలు నేనే హోటలుకు బీగం ఏసింటి."

కొంగు కప్పుకుని వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆమె చేతి టీ తాగినవాడు, ఆమెకు చెప్పొచ్చని ఒక్కసారీ తోచనివాడు, గడపలోనే కూలబడి బావురుమన్నాడు.