పాదాలతో ఏరిన గుల్లలు

ఏడో తరగతి దాకా బడికి వెళ్లింది నా పాదాలే. తల ఒక్కరోజు కూడా వెళ్లలేదు. అందుకే కాబోలు, ఏదైనా పాదాలకు నేర్పితే వస్తుంది, తలకు నేర్పితే రాదు. ఈ సంగతి నాకు పులికాట్ సరస్సులో మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డప్పుడు తెలిసింది.

తిరుపతిలో ఆటో తోలుకునేవాడికి ఆ నీళ్లలో పనేమిటంటే, నా భార్యకు వేవిళ్లు. అన్నం ఉడికిన వాసన తగిలినా వాంతి, తాళింపు చిటపట విన్నా వాంతి, నా మొహం చూసినా వాంతి అని స్టాండులో చెప్పి అందరినీ నవ్వించేవాణ్ణి. ఆస్పత్రిలో డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. బరువు చూసి, "ఇలాగే తగ్గితే చేర్చుకుని సెలైన్ పెట్టాలి. ఏది దిగితే అది పెట్టండి" అంది. తిరిగి వస్తుంటే, వెనక సీట్లో కళ్లు మూసుకున్న నా భార్య మెల్లగా అంది:

"మా పిన్నమ్మ చేసే గుల్లల పులుసైతే దిగుతాదేమో."

గుల్లలంటే ఆలుచిప్పలు, లోపల ప్రాణం ఉన్నవి. ఆమె పుట్టిల్లు నాయుడుపేట దాటి ఇంకా కిందికి, సరస్సు ఒడ్డు పల్లె. అక్కడ కూరకు ఏమీ లేకపోతే ఆడవాళ్లు గంప పట్టుకుని నీళ్లలోకి నడుస్తారు. మా ఇంటికి సముద్రంతో ఉన్న చుట్టరికమల్లా ఉప్పు ప్యాకెట్టే.

మర్నాడు సాయంత్రానికి ఆ పల్లెలో ఉన్నాను. తెల్లవారుజామున పిన్నమ్మ, అంటే నాకు చిన్నత్త, నా చేతికి ఒక బుట్ట ఇచ్చింది.

"ఆ ప్యాంటు ఇప్పి లుంగీ కట్టు అల్లుడా. గుల్లలకు నీ ఇస్త్రీ ఎవురు సూపించమన్నారు?"

నీళ్లు బాగా వెనక్కి తీసి ఉన్నాయి. ఎక్కడ సరస్సు అయిపోయి ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియదు. రెండూ ఒకే బూడిద రంగు, మధ్యలో గీత లేదు. దూరంగా గులాబి రంగు కొంగలు నిలబడి ఉన్నాయి, వాటి కిందే తలకిందులుగా ఇంకో వరస. నేను అడుగు ఎత్తి వేయబోయాను.

"ఎత్తొద్దు! ఈడ్చుకుంటా నడు. బురదలో టేకుచేప పండుకోనుంటాది. కాలు ఈడిస్తే అదే పక్కకు పోతాది. తొక్కినావంటే తోకముల్లుతో పొడస్తాది."

అంతే, పెళ్లికొడుకులా నడిచాను. ఆమె నేర్పింది ఇంకా కొంచెమే. చూపు పనికిరాదు, మడమతో బురదను మెల్లగా తిప్పాలి. రాయి అయితే గరుకుగా ఉంటుంది, గుల్ల అయితే నున్నగా, గుండ్రంగా పాదం కింద ఒదుగుతుంది. వంగి తీసి చూసుకోవాలి. బొటనవేలి గోరంత ఉంటే మళ్లీ బురదలోకే. "అది పిల్ల. దాన్ని తింటే వచ్చే ఏడు మనం ఏం తింటాం?"

మొదట రాళ్లే తగిలాయి. రెండు మూడు తీసి గర్వంగా చూపిస్తే చిన్నత్త నీళ్లు చిందేలా నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడో మాట ఆగిపోయింది. నాకు మాట ఆగడం అరుదు, ఆటో ఆగినా అది ఆగదు. నీళ్లు పైన చల్లగా, బురద కింద వెచ్చగా. కింద ఎవరో నిద్రలో ఉన్నట్టు, నేను వాళ్ల దుప్పటి మీద నడుస్తున్నట్టు. హారన్లు లేవు, కొండ లేదు, ఒడ్డు లేదు. మడమ కింద నున్నటిదొకటి కదిలింది. తీస్తే, తడి అరచేతిలో గీతల గీతల గుల్ల, నోరు గట్టిగా బిగించుకుని. అప్పుడు నాకు ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్న మనిషి గుర్తొచ్చింది. ఆమె కూడా ఈ మధ్య అలాగే ఉంది, ఎవరు ఏది పెట్టినా నోరు బిగించుకుని.

బుట్ట నిండాక చిన్నత్త వాటిని తడి గోనెలో కట్టింది. ఒక క్యాను నిండా సరస్సు నీళ్లు పట్టి ఇచ్చింది.

"ఇంటికి పోయి ఈ నీళ్లలోనే ఎయ్యి. సాయంత్రం దాకా ఇసక కక్కుతాయి. నోరు తెరిసినేదాన్ని ఏలితో తట్టు. మూసుకుంటే మంచిది. మూసుకోకపోతే సచ్చిందని అర్థం, పారెయ్యి."

బస్సులో కండక్టరు నా క్యాను మూత తీసి వాసన చూశాడు. "ఏందప్పా, అందురూ తిరుపతి నించి తీర్థం తీసకపోతారు. నువ్వు తిరుపతికి ఉప్పునీళ్లు మోస్తా ఉండావే?"

ఇంటికి చేరి, వెడల్పాటి బేసిన్‌లో సరస్సు నీళ్లు పోసి గుల్లలు వేశాను. నా భార్య నిద్రపోతోంది. కిరాయికని బయటికి వెళ్లాను. ఇంట్లో ఉన్నది నాయన.

నాయన ఇన్నేళ్లు సత్రంలో వంట చేసినవాడు. మా ఇంట్లోకి కూరగాయ వచ్చినా, కోడి వచ్చినా పసుపునీళ్లలో మునిగి తేలాల్సిందే. సాయంత్రం నేను వచ్చేసరికి బేసిన్ తళతళలాడుతోంది. నీళ్లు పచ్చగా ఉన్నాయి. గుల్లలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"ఆ మురికినీళ్లలో ఏసినావేందిరా? నీసుకంపు! పారబోసి, మనం తాగే క్యాను నీళ్లు పోసినా. పసుపు కూడా ఏసినా. సూడు, ఎంత కుశాలగా నోళ్లు తెరిసినాయో."

వేలితో తట్టాను. ఒకటి. ఇంకొకటి. ఏదీ మూసుకోలేదు.

అప్పటికే నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. సరస్సు పిల్ల, ఉప్పునీళ్ల ప్రాణాలు మంచినీళ్లలో బతకవని ఆమెకు చెప్పక్కర్లేదు. "పోనీలే మామా, నీకేం తెల్సు" అంది. లోపలికి వెళ్లి గంజి తాగబోయింది, అదీ నిలవలేదు. ఆ వాంతి చప్పుడు వింటూ నాయన బేసిన్ ముందు కూర్చున్నాడు. నాకు నోటిదాకా ఒక జోకు వచ్చింది. మింగేశాను.

"తెల్లారి నేనూ వస్తాన్రా" అన్నాడు నాయన.

అట్లా మరుసటి రోజు నీళ్లలో ఇద్దరం. పంచె ఎగగట్టిన నాయన ఒడ్డునే చాలాసేపు నిలబడ్డాడు. "దీనికి అంచు యాడుండాదిరా?" అని ఒక్కమాట అడిగాడు. తర్వాత కాళ్లు ఈడ్చుకుంటూ, ఆ వెలుగులోకి, మెల్లగా చిన్నవాడైపోతూ నడిచాడు. నీళ్లలో ఆయన నీడ ఆయన వెనకే వెళుతోంది. పసుపూ గిన్నెలూ తప్ప ఎరగని ఆ మనిషి, బురదలో మడమ తిప్పుతూ కళ్లు మూసుకున్నాడు. దొరికిన మొదటి గుల్ల గోరంతే ఉంది. దాన్ని చూసి, "పో తల్లీ, పెద్దదానివై రా" అని దిగవిడిచాడు. ఆ మాట గుల్లతోనే అన్నాడో, ఇంట్లో ఇంకా పుట్టని దానితో అన్నాడో నేను అడగలేదు.

బస్సులో నాయన క్యానును ఒళ్లో పెట్టుకుని ఊరు చేరేదాకా వదల్లేదు. ఇంట్లో బేసిన్ పక్కనే చాప వేసుకున్నాడు, ఎవరైనా వచ్చి పసుపు వేస్తారేమోనన్నట్టు.

పొద్దున్నే ఫోనులో చిన్నత్త చెబుతుంటే నాయనే వండాడు. చింతపండు పులుసు, వెల్లుల్లి, ఎండుమిర్చి. మూత తీస్తే ఇల్లంతా ఆ బూడిదరంగు తెల్లవారుజాము వాసన. నా భార్య లేచి కూర్చుంది. ఒక ముద్ద తింది. నేను వాంతికని తొట్టి దగ్గరికి జరిపాను. ఇంకో ముద్ద. ఇంకోటి. లోపలే ఉన్నాయి. నాయన మొహం గోడవైపు తిప్పుకుని కండువాతో తుడుచుకున్నాడు.

నేను ఆగలేకపోయాను. "ఎట్లుండాది? నా కాళ్లతో ఏరినేవి. ఆ రుసి గుల్లలది కాదు, నా పాదాలది! ఆటో అమ్మేసి ఈ యాపారం పెట్టేస్తా. బోర్డు మీద నా పాదం బొమ్మ..."

ఆమె నాలుగో ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండానే అంది:

"తట్టినా నోరు మూసుకోనిదాన్ని పారెయ్యమన్నాది మా పిన్నమ్మ. నిన్ను ఇన్నాళ్లు ఎందుకు పెట్టుకోనుండానో నాకే తెలీదు."