దానికి వాళ్లేమంటారు?

మా అన్న కొరియాలో ఓడలు కట్టే చోట వెల్డర్‌. అవసరం పడితే అక్కడివాళ్లతో మాట్లాడాలని మా వదిన నా దగ్గర కొరియన్ నేర్చుకునేది; నాకు వచ్చిందీ పుస్తకాల్లో చూసి నేర్చుకున్నదే. నేను వరుసగా పాఠాలు తయారు చేశాను: పలకరింపులు, అంకెలు, దారి అడగడం. వదిన కోదాడ పిల్ల, మొండిది. ఏ ప్రశ్న నేర్పినా, "దానికి వాళ్లేమంటారు మరిదీ?" అనేది. జవాబులు కూడా చెప్పేదాకా ముందుకు కదలనిచ్చేది కాదు.

ఒకరోజు పొద్దున్నుంచి అన్న ఫోన్ ఎత్తలేదు. సాయంత్రానికి మిర్యాలగూడలో మా ఇంట్లో, మా ఇద్దరి పక్కనే కూర్చొని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. వదిన అక్కడి సూపర్‌వైజర్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, అన్న పేరు చెప్పి అడిగింది.

"ఒదీ ఇస్సొయో?" ఎక్కడున్నాడని.

అతను గడగడా ఏదో చెప్పాడు. ఆ వేగానికి నాకేమీ అందలేదు. వదిన మాత్రం తాను నేర్చుకున్న జవాబుల్లో ఒకదాన్ని పట్టుకుంది.

"ఆసుపత్రిలో ఉన్నాడంట," అంది, మా వైపు చూడకుండా.

"ఏమైందంట బిడ్డా? జర అడుగు," అంది అమ్మ.

"మాని ఆపయో?" నొప్పి ఎక్కువగా ఉందా అని అడిగింది వదిన. సూపర్‌వైజర్ ఫోన్ పట్టుకొని ఎటో నడుస్తున్నట్టుంది. అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, ఎవరిదో దగ్గు. ఆమె అదే మర్యాదతో మళ్లీ అడిగింది.

"నేనేనే," అన్నాడు అన్న. "చెయ్యి కాలింది, అంతే. ఫోన్ గాడనే పడిపోయింది. తెలుగుల మాట్లాడు."

వదిన నోరు తెరిచింది. తెలుగు రాలేదు. "మాని ఆపయో?" అని మొగుణ్ని అడిగి, గోడకు జారగిలబడి ఏడ్చింది.