సంతలో నాయన పుస్తకం

సొంతంగా అచ్చేయించుకున్న నా కథల పుస్తకాలు ఈ పొద్దున వచ్చాయి. అట్టపెట్టె తెరవగానే అదే సిరా వాసన.

తమ్ముడూ, మన బాగేపల్లి చిన్నతనం గుర్తుందా? ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. నాయన మాత్రం తెలుగులో పుస్తకం రాసి, అచ్చేయించి, గోనెసంచిలో వేసుకుని సంతకు వెళ్లేవాడు.

"మాకు కన్నడ అక్షరాలే వచ్చేది అప్పా. నువ్వే చదువు, వింటాము," అనేవాళ్లు జనం. గొంతు పోయేదాకా చదివేవాడు. సంచి మాత్రం నిండుగానే ఇంటికొచ్చేది.

"నువ్వు చదివితివా అమ్మా?" అని నన్ను అడిగేవాడు.

"చదివినా నాయనా. శానా బాగుండాది."

నాకూ తెలుగు అక్షరం ముక్క రాదు. ఎన్నిసార్లు అడిగినా అదే అబద్ధం.

ఆయన పోయాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ముందుగా ఆ పుస్తకమే తెరిచాను. మొదటి పేజీలో అంకితం ఉంది: "దీన్ని చదవలేని నా కూతురికి."