చాచా చారా వేసిన చోటు

ఈమధ్య పొద్దున్నే టీ తాగుతూ ఫోనులో చేపలు పట్టే వీడియోలు చూడడం అలవాటైంది. రిటైరైన మనిషికి ఇంతకన్నా మర్యాదైన వ్యసనం దొరకదని మా ఆవిడతో వాదిస్తుంటాను. మొన్న ఒకరోజు ఎక్కడిదో చలిదేశపు సరస్సు చూపించారు. అందులో కొకానీ అని వెండిరంగు చేప, సాల్మన్ జాతిదట. ఆ జాతి మామూలుగా సముద్రానికి పోయి పెరిగి వస్తుంది గానీ, ఈ సరస్సులోవి సముద్రం ముఖం చూడకుండానే బతుకు వెళ్లదీస్తాయట. వాటితోపాటు చినూక్ అనే పెద్ద రకాన్ని కూడా అక్కడే వదిలి పెంచుతారట. ఇదంతా ఒక ముసలాయన పడవ నడుపుతూ చెప్తున్నాడు. నీళ్ల అడుగున చేపలెక్కడున్నాయో చూపించే చిన్న టీవీలాంటి యంత్రం కూడా ఉంది ఆయన దగ్గర. చేప ఎక్కడుందో ముందే తెలిస్తే ఇక గాలమెందుకు, బజారుకే పోవచ్చు కదా అని నవ్వుకున్నాను. ఇంతలో పెద్దదేదో తగిలింది. పక్కన కూర్చున్న ఆయన భార్య చేతివల పట్టుకుని లేచింది. ఆయన లాగుతుంటే ఆమె వంగి చేపను వలలోకి ఎత్తుకుంది, ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను వీడియో అక్కడే ఆపేశాను. మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగితే కంట్లో నలక పడిందన్నాను. అది చిన్న అబద్ధం. పెద్దది తొమ్మిదేళ్ల కిందటిది.

మా ఇల్లు యాకుత్‌పురా స్టేషనుకు దగ్గర. సర్కారు కర్మాగారంలో ఉద్యోగం చేసే రోజుల్లో ఆదివారం వచ్చిందంటే గాలాల సంచి స్కూటరుకు కట్టుకుని మీరాలం చెరువుకు పోయేవాణ్ణి. చెరువుకు ఒక పక్కన జూ. పొద్దుటిపూట సింహం గర్జన నీళ్ల మీదుగా వచ్చి తగులుతుంది. కొత్తవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు, పాతవాళ్లు నీళ్ల మీద తేలే గాలపు బెండు మీది చూపు తిప్పరు. ఏటా వానాకాలంలో బొచ్చె, రవ్వ చేపల పిల్లల్ని ఆ చెరువులో వదులుతారు. అవి ఎటూ పోయే దారిలేక అక్కడే పెరిగి పెద్దవవుతాయి. మేమూ అంతే, గట్టు మీద కూర్చుని కూర్చుని అక్కడే ముసలివాళ్లమయ్యాం.

ఆ గట్టు మీద మాకందరికీ ఉస్తాదు చాచా. ఉండేది చెరువుకు దగ్గర్లోని బార్కస్‌లో. ఆయన ముత్తాతలు అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజులో చేరడానికి వచ్చారట. గళ్ల లుంగీ, దాని మీద నాలుగు జేబుల కోటు, ఆ జేబుల్లో గాలాలు, దారాలు, పుదీనా బిళ్లలు. జామతోటలు గుత్తకు పట్టి పండ్లు అమ్మేవాడు. రైతులతో బేరాలాడి ఆడి తెలుగు మాలాగే మాట్లాడేవాడు, కాకపోతే కోపం మాత్రం ఉర్దూలోనే వచ్చేది. ఆ కోపం నేను రెండుసార్లే చూశాను. రెండుసార్లూ చేపపిల్లల్ని నీళ్లలో వదలకుండా సంచిలో వేసుకున్నవాళ్ల మీద. గాలం కట్టడం, పిండి కలపడం, అన్నిటికన్నా కష్టమైన ఊరికే కూర్చోవడం నాకు నేర్పింది ఆయనే. పద్నాలుగేళ్లు నేర్పాడు. ఆ పద్నాలుగేళ్లలో నేను మూడు కిలోలు దాటిన చేపను పట్టింది లేదు. సోమవారం షిఫ్టుకు పోతే తోటివాళ్లు, ఈవారం ఎంత పెద్దది తప్పించుకుపోయింది సార్ అని పరామర్శించేవాళ్లు. నవ్వేవాణ్ణి గానీ లోపల మంటగానే ఉండేది.

మా గట్టు మీద ఒక కట్టుబాటు ఉండేది. పెద్ద బొచ్చె కావాలంటే ఒక చోటు ఎంచుకుని, పది పన్నెండు రోజులు రోజూ అక్కడే మేత వేయాలి. దాన్నే చారా అంటారు. చేపకు ఆ చోటు మీద నమ్మకం కుదిరాకే గాలం దించాలి. చారా వేసే మనిషి గట్టున ఒక వేపపుల్ల గుచ్చుతాడు. ఆ పుల్ల ఉన్నన్నాళ్లు ఇంకెవరూ అక్కడ గాలం వేయరు. బండి పెట్టుకునే జాగా కోసం తల పగలగొట్టుకునే ఊళ్లో ఆ వేపపుల్లకున్న మర్యాద చూస్తే నాకే ఆశ్చర్యమేసేది. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకసారి పెద్ద చేప తగిలి గింజుకుందంటే ఆ చోటంతా బెదిరిపోతుంది, నెలదాకా మరో పెద్ద చేప అటు రాదు. అంటే చారా వేసినవాడి కష్టానికి ఫలితం ఒక్కటే చేప.

మేమంతా పల్లీల పిండి, మైదా కలిపి చారా చేసేవాళ్లం. చాచా చారాలో మాత్రం ఖజూర్ పండ్లు, కలోంజీ అనే నల్లజీలకర్ర గింజలు ఉండేవి. ఇంట్లో రోట్లో వేసి చాచీ దంచి ఇచ్చేది. నలభై ఏళ్ల కాపురంలో అన్ని సంచుల చారా దంచిన మనిషి ఒక్కసారీ చెరువు చూడలేదు. పెద్ద చేపలన్నీ నువ్వు దారిలో కొనుక్కొస్తావు కదా అని ఆయన్ని ఆటపట్టించేదట. తొమ్మిదేళ్ల కింద ఆమెకు మోకాళ్ల నొప్పులు ముదిరాయి. ఇంకో ఏడాదైతే గడప దాటలేనేమో, ఆ చెరువేదో ఒక్కసారి చూపించమని తనే అడిగిందట. ఆ మాట నాతో చెప్తున్నప్పుడు చాచా ముఖం చూడాలి. పెళ్లిచూపులకు పోయేవాడి ముఖం. "పెద్ద చేప ఒక్కటి ఆమె ముంగట పట్టాలె. ఇగ గాలం పక్కకు పెట్టినా ఫికర్ లేదు" అన్నాడు. పై ఆదివారం కాక ఆ వచ్చే ఆదివారానికి ఖాయం చేసుకుని, చోటు చూసి, పుల్ల గుచ్చాడు.

సరిగ్గా ఆ చివరి వారంలో ఆయన బావమరిది ఇంట పెళ్లి వచ్చింది. మూడు రోజులు చెరువుకు రావడానికి వీల్లేదు. చారా నింపిన స్టీలు డబ్బా నా చేతిలో పెట్టి, షిఫ్టుకు పోయేముందు రోజూ వేసి పొమ్మన్నాడు. "వేరేటోళ్లకిస్తే నాకు నిద్ర పట్టది. నువ్వున్నవ్ గదా" అన్నాడు.

మొదటి రెండు రోజులు నమ్మకంగా వేశాను. మూడోరోజు గురువారం. ఆ రోజు గాలం ఎందుకు తీసుకుపోయానో ఇప్పటికీ నాకు నేను సరైన జవాబు చెప్పుకోలేకపోయాను. చారా వేసి రావడానికి గాలం అక్కర్లేదు. చారా వేసిన కాసేపటికి నీళ్ల మీదికి బుడగలు లేచాయి. పెద్ద చేప అడుగున మేస్తుంటే లేచే బుడగలు, గుత్తులు గుత్తులుగా. గట్టు మీద ఆ పొద్దున ఎవరూ లేరు. బెండు ఎలా పడుతుందో చూద్దాం అనుకున్నాను. లోతు కొలుద్దాం, అది చాచాకే పనికొస్తుంది అనుకున్నాను. మనిషి తప్పు చేసేముందు ఎంత మర్యాదగా మాట్లాడుకుంటాడో నాకు ఆరోజు తెలిసింది. గాలం దించాను, బెండు మునిగింది. నలభై నిమిషాలు అది నన్ను గట్టు పొడవునా తిప్పింది. ఆ నలభై నిమిషాల్లో ఎప్పుడైనా దారం తెంపేయొచ్చు. ఒక్కసారి కూడా ఆ ఆలోచన రాలేదు. పద్నాలుగేళ్ల కరువు తీరిపోతుంటే నాకు ఏడుపొచ్చింది, అదీ సంతోషంతో.

పదకొండు కిలోల బొచ్చె. ఆరోజు డ్యూటీకి సెలవు పెట్టాను. గల్లీ అంతా వచ్చి చూసింది, ఫోటోలు తీసుకుంది. ఎక్కడ పట్టావంటే, అవతల కమానుల కట్టవైపు మూడో కమాను దగ్గర అన్నాను. ఆ మూడో కమాను అప్పటికప్పుడు నా నోటికి ఎలా వచ్చిందో గానీ, రెండోసారి చెప్పేసరికి నాకే నిజమనిపించింది. శాగిర్దు, అంటే శిష్యుడు, పట్టిన మొదటి పెద్ద చేప తలకాయ ఉస్తాదు ఇంటికి పోవాలని ఇంకో ఆచారం. పంపకపోతే అనుమానం వస్తుందని భయపడి, తలవైపు సగం కోయించి, సాయంత్రం నేనే బార్కస్ పట్టుకుపోయాను. పెళ్లి ముగించుకుని అప్పుడే ఇల్లు చేరిన చాచా నన్ను కావలించుకున్నాడు. కూర్చోబెట్టి ఖహ్వా పోయించాడు. మా శాగిర్దు పదకొండు కిలోలు పట్టాడని ఇద్దరికి ఫోన్లు కూడా చేశాడు. చాచీ చేప గిన్నె లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి పరదా వెనక నుంచి ఆయన్ని పిలిచింది. తిరిగొచ్చాక ఆయన కొంచెం తక్కువ మాట్లాడాడు. ఎక్కడ పట్టావని మళ్లీ అడిగాడు. మూడో కమాను అన్నాను. "అచ్ఛా" అన్నాడు. ఉస్తాదుకు కూడా ఈర్ష్య ఉంటుందన్నమాట అనుకుంటూ స్కూటరెక్కాను. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, దారంతా ఆ ఊహ నాకు తియ్యగానే ఉంది.

ఆదివారం పొద్దున ఇద్దరూ ఆటోలో వచ్చారు. నల్ల బురఖాలో చాచీ ఆయన భుజం పట్టుకుని, అడుగడుక్కీ ఆగుతూ గట్టు దిగింది. చాప పరిచాడు, వీపుకు దిండు పెట్టాడు, గొడుగు పాతాడు. గాలం దించి ఆమెకు ప్రతిదీ చెప్పడం మొదలుపెట్టాడు, ఇది బెండు, ఇది రీలు, అదిగో అది కొంగ. జూలో సింహం అరిస్తే ఆమె ఆయన మోచేయి పట్టుకుంది. నేను పదడుగుల దూరంలో నా గాలం వేసుకుని కూర్చున్నాను. రాకపోతే బాగుండదని వచ్చాను. బెండు కదలలేదు. కదలదని ఆ గట్టు మీద నాకొక్కడికే తెలుసు అనుకున్నాను. పదకొండైంది, ఎండ ముదిరింది. గొడుగు నీడ జరిగినప్పుడల్లా చాచా లేచి దాన్ని ఆమె వైపు జరిపాడు. భోజనాల వేళ నన్నూ పిలిచారు. ఖిచ్డీ, ఖీమా, ఖట్టా. చాచీ తన చేత్తో నాకు రెండోసారి వడ్డించింది. తిన్నాను. అంతా తిన్నాను.

మధ్యాహ్నం ఇద్దరు ముగ్గురు పాతవాళ్లు వచ్చి చాచాను ఆటపట్టించారు. ఇక నీ శాగిర్దు దగ్గరే గాలం నేర్చుకో, మూడో కమాను దారి అడుగు అన్నారు. చాచా నవ్వాడు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. చేప పట్టినందుకన్నా ఆ నవ్వుకే నేను ఎక్కువ సిగ్గుపడతాను. దొంగతనం ఒక పూట ఆశ. ఆ నవ్వు మాత్రం కళ్లెదుట ఇద్దరు పెద్దవాళ్లను చూస్తూ నవ్విన నవ్వు. సాయంత్రం అసర్ నమాజు వేళకు ఆమె లేవలేక లేచింది. ఆయన గాలం చుట్టి, గట్టున గుచ్చిన పుల్ల పీకి నీళ్లలో వేశాడు. అది చేప మర్జీ, మన చేతుల్లో ఏముంది అని ఆమెతో అన్నాడు. ఆ తర్వాత చాచీ మళ్లీ చెరువుకు రాలేదు. చాచా మాత్రం ఆరేడేళ్లు వచ్చాడు. నాకు ఎప్పటిలాగే పుదీనా బిళ్లలు ఇచ్చాడు, దారానికి ముడులు వేయడం సరిదిద్దాడు. ఆ ఆదివారం సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. తెరిచిన నోటితో ఎండ ఎక్కువుంది అనో, నీళ్లు తగ్గాయి అనో అనేవాణ్ణి. రెండేళ్ల కింద ఆయన పోయాడు. జనాజా వెనక నడిచినవాళ్లలో నేనూ ఉన్నాను, అందరూ నన్నే ఓదార్చారు.

వీడియో చూసిన మర్నాడు బార్కస్ పోయాను. చాచీ గది దాటి రావడం లేదు. కోడలు నన్ను లోపలికే తీసుకుపోయి కుర్చీ వేసింది. కుశల ప్రశ్నలు అయ్యాయి. ఇక ఆపుకోలేక అంతా చెప్పాను, డబ్బా, బుడగలు, మూడో కమాను అబద్ధం. తప్పు చేశాను, ఆయనకు చెప్పలేకపోయాను, మీరైనా మాఫ్ చేయాలన్నాను. ఆమె తస్బీ పూసలు తిప్పడం ఆపింది గానీ, ఆశ్చర్యపోలేదు.

"మాకు ఆ సాయంత్రమే ఎర్కైంది బేటా" అంది. "నువ్వు తెచ్చిన తలకాయ కడుగుతుంటే మొప్పల సందుల ఖజూర్ ఉండె, కలోంజీ ఉండె. నా చేతులతోని దంచింది నాకు ఎర్కలేదా."

మరి తెలిసి కూడా ఆదివారం ఎందుకొచ్చారని అడిగాను.

"నేనైతే వద్దన్న. చేపనే లేదు, మోకాళ్లు గుంజుతున్నయ్, ఎందుకు పోవుడు అన్న. ఆయన ఇనలే. మనం పోకపోతే మనకు ఎర్కైందని ఆనికి సమజైతది, ఇగ సిగ్గుతోని చెరువుకు రాడు అన్నడు. పద్నాలుగేండ్లు నేర్పిన, ఒక్క చేపకోసం ఆన్ని పోగొట్టుకోవాల్నా అన్నడు."

అంటే ఆ రోజంతా అంత ఎండలో ఆయన చేప కోసం కూర్చోలేదు. తను చూడాలనుకున్న ఒక్క చేప నా చేతిలోనే పోయిందని తెలిసి, చాచీ ఆ మోకాళ్లతో గట్టు దిగి, నాకు వడ్డించి, నేను నవ్వుతుంటే చూస్తూ కూర్చుంది. తొమ్మిదేళ్లు వాళ్ల దగ్గర ఒక విషయం దాస్తున్నాననుకుంటూ బతికాను. ఆ తొమ్మిదేళ్లూ దాచింది వాళ్లు. నేను ఆమె కాళ్ల వైపు చూస్తూ ఉండిపోయాను. చాచీ కోడల్ని పిలిచి నాకు భోజనం పెట్టమంది. రోజులు గడిచేకొద్దీ చేసిన తప్పు పాతబడుతుందని అనుకునేవాణ్ణి. నా తప్పు బరువు మాత్రం తొమ్మిదేళ్ల తర్వాత, ఆ మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే మొదలైంది.